పుంగనూరులో ఇంకా శుక్రవారమే

కుప్పం
8 ఫిబ్రవరి 2003

పుంగనూరు పెరటింటి మహారాణి, మా నాయనను కని నా నెత్తిన రుద్దిన పుణ్యాత్మురాలు బయ్యమ్మ అవ్వ సముఖానికి, మనవడు హరీష్ వంగి, లేచి, నడుము పట్టేసి, మళ్ళీ వంగి విన్నవించుకునేది.

అవ్వా, ఈ ఉత్తరం కూర్చుని చదువు. నేను కొరియా దేశం పోతున్నాను. ఉద్యోగం మారలేదు, పెళ్ళి కుదరలేదు, పోలీసులు తరమలేదు. నాలుగు రోజులు పోయి వచ్చేస్తాను.

సంగతి ఏమిటంటే, మా రాళ్ళ కంపెనీ ఇక్కడి గ్రానైటును పుసాన్ అనే రేవు పట్టణానికి పంపింది. రాయి రంగు తేడాగా ఉందని వాళ్ళు గొడవ పెట్టారు. మా సూపర్‌వైజరు శివకుమార్ సారుకు రాళ్ళు తెలుసు, ఇంగ్లీషు తెలియదు. నాకు ఇంగ్లీషు తెలుసు, రాళ్ళు తెలియవు. మా ఇద్దరినీ కలిపితే ఒక మనిషి అవుతాడని ఓనరు తేల్చి, రెండు టికెట్లు కొన్నాడు. పని ఒక్క రోజే. తక్కిన రోజులు ఆ కంపెనీవాళ్ళే ఊరు చూపించి అన్నం పెడతారట.

ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ నువ్వు "వినపళ్ళేదు, ఉత్తరం రాయి" అని అరిచి పెట్టేస్తావు. యాభై రెండేళ్ళ వయసులో పలక పట్టి నేర్చుకున్న అక్షరాలను తుప్పు పట్టనివ్వకూడదన్న నీ పట్టుదల నాకు తెలుసు కాబట్టి, ఇంటిల్లిపాదికీ ఈ వార్త చదివి వినిపించే అధికారం నీకే ఇస్తున్నాను.

నీకు ఆ దేశం నుంచి ఏం కావాలో రాయి.

విదేశాంగ మంత్రి హోదాలో,
హరీష్


పుంగనూరు
10 ఫిబ్రవరి 2003

అబ్బోడా హరీషా,

మీ అవ్వ రాసేది. అందరమూ బాగుండాము. ఎర్రావు ఈనింది, కోడెదూడ. పాలు మీ నాయన తాగేస్తాండాడు.

నీ ఉత్తరం చదివినా. కొరియా అంటే యాడుండాదో మీ నాయన మ్యాపులో చూపించినాడు. మన దేశం పెద్ద గుమ్మడికాయ మాదిరి ఉంటే అది పొట్లకాయ ముక్క మాదిరి ఉండాది. ఆడ చలి అంట. మీ నాయన మంకీ క్యాపూ, మీ తాత ఉన్ని కోటూ పలమనేరు బస్సు కండక్టరు చేతికి ఇచ్చినా. కోటు జేబీలో ఒక బీడీ ఉండాది. అది తీయొద్దు, అట్లే ఉండనీ.

సముద్రం ఒడ్డున నిలబడొద్దు. నీకు ఈత రాదు. మన బావిలోనే రెండుతూర్లు మునిగినావు. నిమ్మకాయ ఊరగాయ కూడా ఇచ్చినా, శివకుమారుకు ఒక బద్ద పెట్టు.

ముఖ్యమైనది ఇది. శనివారం నీసు ముట్టొద్దు. శనివారం ఎంకటేశ్వరస్వామిది. మన ఇంట్లో ఎవురూ తప్పలే. నువ్వు యా దేశంలో ఉన్నా శనివారం శనివారమే.

నాకేమీ తేవద్దు. నువ్వు వస్తే చాలు.

బయ్యమ్మ


పుసాన్, దక్షిణ కొరియా
13 ఫిబ్రవరి 2003, గురువారం

అవ్వా,

మనవడు క్షేమం. ముక్కు మాత్రం విమానాశ్రయం గుమ్మంలోనే గడ్డకట్టి ఉండిపోయింది. తిరుగు ప్రయాణంలో తీసుకుంటాను.

రాళ్ళ పంచాయితీ నిన్న ఒక గంటలో ముగిసింది. రంగు తేడా అన్న రాయిని శివకుమార్ సారు తడిగుడ్డతో తుడిచాడు. దుమ్ము పోయింది, రంగు వచ్చింది. నేను ఇంగ్లీషులో "దుమ్ము" అన్నాను. ఆ ఒక్క మాట కోసం రెండు విమానాలు ఎక్కి వచ్చాం. వాళ్ళు సిగ్గుపడి, అప్పటినుంచి మాకు తిండి పెడుతూనే ఉన్నారు.

పాక్ గారని ఒకాయన ఊరు చూపిస్తున్నాడు. కొండలు నేరుగా సముద్రంలోకి దిగిపోయి కాళ్ళు కడుక్కుంటున్నట్టు ఉండే ఊరిది. హేఉండే అనే ఒడ్డున ఇసుక మన కుప్పం పిండిమిల్లు నేలలాగా తెల్లగా ఉంది. నీ ఆజ్ఞ ప్రకారం నీటికి ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డాను. అల ఒకటి నాకోసమే పరిగెత్తి వచ్చింది, నేను దానికంటే వేగంగా పరిగెత్తాను. కొరియా పిల్లలు చప్పట్లు కొట్టారు. సముద్రం మీద పోయిన నెలే తెరిచిన వంతెన ఒకటుంది. దాని దీపాలు నీళ్ళలో పడి, మన తిరునాళ్ళ లైటు సెట్టు బోర్లాపడ్డట్టు కనిపిస్తాయి.

భోజనం సంగతి. చాప మీద కూర్చోవాలి. నేల వెచ్చగా ఉంటుంది, కిందినుంచి ఎవరో పొయ్యి పెట్టినట్టు. అన్నం కంటే ముందు పదకొండు చిన్న గిన్నెలు వస్తాయి, సగం ఊరగాయలే. క్యాబేజీకి కూడా కారం పూసి జాడీలో ఊరబెట్టారు అవ్వా! ఆ తరువాత పచ్చి చేప ముక్కలు పెట్టారు. వండనివి. ఆకులో చుట్టి నోట్లో పెట్టుకోవాలి. శివకుమార్ సారు కళ్ళు మూసుకుని, ముక్క మీద నీ ఊరగాయ బద్ద పెట్టుకుని మింగాడు. పాక్ గారు కూడా అలాగే చేసి, మరో బద్ద అడిగాడు. సీసా ఖాళీ.

నిన్న పాక్ గారు సారుకు కొరియా అక్షరాల్లో పేరు రాయడం నేర్పాడు. సారు నాలుక బయట పెట్టి, ఒక్కో గీతా లాగుతుంటే నాకు నువ్వు గుర్తొచ్చావు. రాత్రిబడిలో నువ్వు నీ పేరు రాశావు, ఊరి పేరు రాశావు. భర్త పేరు రాయమంటే పలక కింద పెట్టేశావు. "నోటితో అనకూడని పేరు చేత్తో మాత్రం అనొచ్చునా?" అని టీచరమ్మను నిలదీశావు. తాత అరుగు మీదినుంచి "రాయవే, నేనేం కేసు పెట్టనులే" అన్నాడు. నువ్వు రాయలేదు.

తాత కోటు వేసుకునే ఇదంతా రాస్తున్నాను. బీడీ జేబులోనే ఉంది.

హరీష్


పుసాన్
15 ఫిబ్రవరి 2003, శనివారం

అవ్వా,

ఇది నేర విచారణ. ముద్దాయి నేనే, వకీలు నేనే. న్యాయమూర్తివి నువ్వు.

ఈ ఉదయం ఏడు గంటలకు పాక్ గారు మమ్మల్ని చేపల బజారుకు తీసుకుపోయి, వేడివేడి చేపల పులుసు ముందు కూర్చోబెట్టాడు. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. నాలుగు చెంచాలు లోపలికి పోయినాక గుర్తొచ్చింది, ఈరోజు శనివారమని. చెంచా గాల్లో ఆగింది. స్వామి ముఖం ఒకవైపు, నీ ముఖం ఒకవైపు కనిపించాయి. స్వామి కొంచెం శాంతంగానే ఉన్నాడు.

అప్పుడు నా వకీలు లేచాడు. అయ్యా, మనవాళ్ళకు వారం మొదలయ్యేది గడియారం చూసి కాదు, సూర్యోదయం చూసి. పంచాంగం చెప్పేది అదే. కొరియాలో ఏడు గంటలంటే మన పుంగనూరులో తెల్లారుజామున మూడున్నర. అక్కడ కోడి కూడా కూయలేదు. సూర్యుడు రావాలంటే ఇంకా మూడు గంటలు. కాబట్టి ముద్దాయి ఏ స్వామికి మొక్కుకున్నాడో ఆ స్వామి ఊళ్ళో, ఆ ఇంట్లో, ఆ అవ్వ లెక్కలో ఇంకా శుక్రవారమే. ఈ వాదన విని ముద్దాయి గిన్నె ఖాళీ చేశాడు. సాయంత్రం వరకు సముద్రం ఒడ్డున కూర్చుని చూశాను. నాకేమీ కాలేదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను.

ఇక అసలు మాట. పులుసు తాగినాక పక్క సందులోకి తిరిగాం. వీధి వీధంతా ఎండుచేపలే. చిటికెన వేలంత నెత్తళ్ళ దగ్గరినుంచి, నా చెయ్యి పొడుగు చేపల దాకా గుట్టలు గుట్టలు. ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, నేను పుసాన్‌లో లేను. గురువారం సంత. తాత సైకిలు హ్యాండిలుకు వేలాడే పేపరు పొట్లం, అందులో ఇట్లాంటి ఎండుచేపలే, మన కరవాడు. సైకిలు వెనకాల వీధిలోని పిల్లులన్నీ. నువ్వు "ఈ కంపు ఇంట్లోకి తెచ్చినావా" అని ముక్కు మూసుకుని, రెండో చేత్తో అప్పటికే మామిడి ఒరుగులు నానబెట్టడం. నాకు ఏడుపొచ్చింది. అంగట్లో కూర్చున్న ముసలమ్మ, అచ్చం మన సంతలో గంప ముందు కూర్చునే ఆడమనిషిలాగే ఎత్తుపీట మీద రబ్బరు బూట్లేసుకుని కూర్చుని ఉంది. ఆమె నా వీపు తట్టి నోట్లో ఒక నెత్తళ్ళ ముక్క పెట్టింది. పొట్లం కట్టమంటే ఎవరికని చేత్తో అడిగింది. నేను నడుము వంచి, కర్ర పట్టుకుని, కోపంగా చూసినట్టు నటించాను. ఆమెకు అర్థమైపోయింది. తూకం అయినాక పిడికెడు కొసరు వేసింది.

తాత పోయి తొమ్మిదేళ్ళు. కోడి వండుతావు, వేటమాంసం వండుతావు, కరవాడు పులుసు మాత్రం నువ్వు వండవు, తినవు. అడిగితే "వాసన పడలేదు" అంటావు. నేను నమ్మను. ఈ పొట్లం ఈడి నుంచి ఆడికి సముద్రం దాటించి తెస్తున్నాను. నువ్వు వండాలి. నువ్వూ నేనూ కలిసి తినాలి. నాకు ఈ దేశం నుంచి కావలసింది ఇంతే.

తీర్పు కోసం చేతులు కట్టుకుని,
హరీష్


పుంగనూరు
26 ఫిబ్రవరి 2003

హరీషా,

నువ్వు దిగి వచ్చి పది దినాలైంది, నీ ఉత్తరాలు నిన్న వచ్చినాయి, రెండూ జతగా. నేను శనివారందే ముందు చించినా. రెండోది తర్వాత చదివినా. శివకుమారును పలక పట్టించి కూర్చోబెట్టినారంట, రాళ్ళ తప్పుకు ఆయప్పకు ఆ శిక్ష యాల? పెండ్లాం పిల్లలు ఉండే మనిషి. చేపలు పచ్చివే తినాల్సి వచ్చింది అంటే ఆ దేశంలో కట్టెలు లేవా, గ్యాసు లేదా? అంత చలిలో అగ్గి లేకుండా ఎట్ల బతుకుతాండారో. సందులో ఏడ్చినావంట. ఎవురు కొట్టినారు? మీ నాయన "ఎవురూ కొట్టలే అమ్మా" అంటాండాడు. ఆయప్పకేం తెలుసు.

పొట్లం కండక్టరు తెచ్చి ఇచ్చినాడు. బస్సులో అందరూ కిటికీలు తీసినారంట. ఉట్టి మీద పెట్టినా. నేను వండను. చెప్పినా కదా, వాసన పడదు.

నువ్వు రాసిన ఇంకొక మాట ఉండాది. పొద్దు మొలిచేదాకా శుక్రవారమే అని. అది నీ నవ్వులాటనా, నిజమేనా? పంచాంగంలో అట్లే ఉండాదా? తెల్లారుజామున నాలుగు గంటలప్పుడు అంటే యా వారం కింద లెక్క? సరిగ్గా కనుక్కోని రాయి. తమాషా చేయొద్దు.

బయ్యమ్మ


కుప్పం
1 మార్చి 2003

గౌరవనీయ న్యాయస్థానానికి,

అప్పీలు స్వీకరించినందుకు ధన్యవాదాలు. శివకుమార్ సారును ఎవరూ శిక్షించలేదు. ఆయన సరదాగా పేరు రాసుకున్నాడు, ఇప్పుడు టిఫిన్ డబ్బా మీద కూడా అదే రాసుకున్నాడు. గ్యాసు కావలసినంత ఉంది. నన్నెవరూ కొట్టలేదు.

ఇక సాక్ష్యం. కుప్పం బజారులో పంచాంగం చెప్పే శ్రీనివాసులయ్యను స్వయంగా కలిశాను. ఆయన కళ్ళజోడు తుడిచి, పుస్తకం తెరిచి, "అప్పా, గడియారం తెల్లవాళ్ళది, పొద్దు మనది. సూర్యోదయం నుంచి మరునాటి సూర్యోదయం దాకా ఒక వారం. తెల్లారుజామున నాలుగు గంటలంటే ముందురోజు వారమే. ఇందులో అనుమానమే లే" అన్నాడు. నేను చేపల మాట ఎత్తలేదు, శాస్త్రం వరకే అడిగాను. తెల్లారుజామున నాలుగైనా, అయిదైనా, పుంగనూరులో పొద్దు మొలిచేదాకా శుక్రవారం శుక్రవారమే. ఇది తిరుగులేని తీర్పు.

కాబట్టి ముద్దాయిని గౌరవప్రదంగా విడుదల చేసి, ఉట్టి మీది పొట్లం దించి, ఒరుగులు నానబెట్టవలసిందిగా ప్రార్థన.

గెలిచిన వకీలు,
హరీష్


పుంగనూరు
5 మార్చి 2003

హరీషా,

ఉత్తరం అందింది. తెలిసింది.

పొట్లం కండక్టరుకు ఇచ్చి తిరిగి పంపిస్తాండా. తీసుకో. ఇంగ ఈ మాట ఎత్తొద్దు.

బయ్యమ్మ


కుప్పం
8 మార్చి 2003

అవ్వా,

పొట్లం చేరింది. నాతో పాటు గదిలో ఉండే ఇద్దరూ వరండాలో పడుకుంటున్నారు.

నీ ఉత్తరాలు ఎప్పుడూ రెండు పక్కలా నిండి, అంచుల్లో కూడా నిలువుగా రాసి ఉంటాయి. ఆవు ఏం తిన్నది, పక్కింటి తులసమ్మ ఏమన్నది, మా నాయన ఏం విరగ్గొట్టాడు, అన్నీ ఉంటాయి. ఇందులో నాలుగు వరుసలే ఉన్నాయి. నాకు భయమేసింది.

తప్పయింది. శనివారం తిన్నాను, తిని లెక్కలు చెప్పాను, ఆ లెక్కలకు సాక్ష్యం కూడా తెచ్చాను. నీ నియమాన్ని ఎగతాళి చేశానని నీకు కోపం. నువ్వు ఏం చెప్తే అది చేస్తాను. అలిపిరినుంచి కొండకు నడుస్తాను. గుండు కొట్టించుకుంటాను, ఈ బుర్రకు జుట్టు ఉన్నా లేకున్నా పెద్ద తేడా కనిపించదు. ఆరు నెలలు నీసు మానేస్తాను. శ్రీనివాసులయ్య చెప్పింది కూడా కొట్టేయమంటే కొట్టేస్తాను.

ఒక్క మాట రాయి. తిట్టయినా సరే. తిట్టే అయితే ఇంకా మంచిది.

హరీష్


పుంగనూరు
12 మార్చి 2003

హరీషా,

గుండు వద్దు. కొండకు నడవొద్దు. నీ మీద నాకేం కోపం? పెద్ద చదువు చదివినావు గానీ నీకు ఏదీ అర్థం కాదు. ఎవురికీ చెప్పని మాట నీకు రాస్తాండా. మీ నాయనకు చదివి వినిపించలే. కాగితం మడిచి నా రవికెలో పెట్టుకోని తీసుకపోయి నేనే డబ్బాలో వేస్తా.

ఆ దినం నీకు తెలుసు. ఎండాకాలం సెలవులు, నువ్వూ మీ తాత జతలో టమోటాలు వేసుకోని మదనపల్లె మండీకి పోయినావు. టెంపో వస్తాదని మీ తాత నాలుగు గంటలకే లేసినాడు. నువ్వు ఇంకా పండుకోనుండావు. గురువారం తెచ్చిన కరవాడు ఉట్టి మీద ఉండింది. "కొంచెం పులుసు పెట్టవే, సంగటిలోకి వేసుకోని పోతా" అన్నాడు. ఈపొద్దు శనివారం, రేపు చేస్తా అన్నా. నోరు లాగతాండాది అని మళ్ళా అడిగినాడు. నాకు కోపం వచ్చింది. "ఒక్క దినం ఆగితే సచ్చిపోతావా ఏంది" అన్నా.

నవ్వినాడు. ఎర్రగడ్డ కొరుక్కోని సద్ది తాగి పోయినాడు. మళ్ళా రాలే. మండీలోనే కూలబడినాడు అని మధ్యాన్నం మనిషి వచ్చి చెప్పినాడు.

అప్పుటి నుంచి ఆ పులుసు నాకు గొంతు దిగదు. ఈ తొమ్మిదేండ్లు నాకు ఒకే ఒక ధైర్యం ఉండింది. నోరు జారినా గానీ, ఉత్తినే కాదనలే, దేవుని కోసం కాదన్నా అని. శనివారం కాకపోతే పెట్టనా నేను? ఎన్నితూర్లు పెట్టలే? అట్ల అనుకోని పండుకునేదాన్ని.

ఇప్పుడు నువ్వు రాసినావు. పొద్దు మొలిచేదాకా శుక్రవారమే అని, పంచాంగం చెప్పే అయ్యను అడిగి మరీ రాసినావు. నాలుగు గంటలకు పొద్దు యాడ మొలిచింది? శుక్రవారమే. పెట్టి ఉండొచ్చు. పెట్టి ఉంటే తినిపోయేవాడు.

నీ తప్పు లే. నువ్వు నవ్వించాలనే రాసినావు. నాకు మాత్రం ఆ ధైర్యం కూడా పాయ.

బయ్యమ్మ


కుప్పం
15 మార్చి 2003, శనివారం

అవ్వా,

ఈ ఉత్తరంలో మహారాణులు, వకీళ్ళు ఎవరూ లేరు. ఉదయం తొమ్మిదైంది, పొద్దు మొలిచి చాలాసేపైంది. ఏ ఊరి లెక్కలో చూసినా ఇప్పుడు శనివారమే. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. తొమ్మిదేళ్ళ కిందట ఒక శనివారం తాతకు ఇచ్చిన మాట ఈ శనివారం తప్పుతున్నాను.

ఆరోజు మా టమోటాల వేలం పదిగంటలకల్లా అయిపోయింది. మంచి ధర పలికిందని తాత హుషారుగా ఉన్నాడు. చేతులు కడుక్కుని, "రా రా" అని మండీ వెనకాలున్న పాకలోకి తీసుకుపోయాడు. మునెమ్మ అని ఒకామె అక్కడ సంగటి అమ్మేది. ఆకు వేసి, రెండు ముద్దలు పెట్టి, పక్కన పులుసు పోసింది. వాసనకే తెలిసిపోయింది. కరవాడు పులుసు.

"తాతా, ఈపొద్దు శనివారం కదా" అన్నాను.

"శనివారం మన ఇంట్లో. ఈడ సంత" అన్నాడు.

"అవ్వ చేసి పెట్టదా?"

"చేస్తాది. రేపటిదాకా ఆగమనింది. ఆగాలంటే ఒంట్లో బలం వద్దట్రా?"

అని ముద్ద తుంచి ముంచుకున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. నువ్వు అన్న మాట కూడా నాకు చెప్పాడు అవ్వా. ఇన్నేళ్ళూ నాకు అది మామూలు మాటగానే గుర్తుంది, ఎందుకంటే ఆయన మామూలుగానే చెప్పాడు. "ఆగితే సచ్చిపోతావా అంటాది మీ అవ్వ. పెండ్లయిన కాడినుంచి అంటానే ఉండాది. ఒకతూరి కూడా సచ్చిపోలే నేను" అన్నాడు. మునెమ్మ కూడా నవ్వింది.

పులుసు మళ్ళీ వేయించుకున్నాడు. రెండోసారి వేయించుకుంటూ తప్పులు పట్టాడు. "ఏం పులుసమ్మా ఇది, ఉత్త చింతపండు నీళ్ళు. మా ఇంట్లో అయితే మామిడి ఒరుగు వేస్తారు. ముక్క నోట్లో పెట్టుకుంటే కరిగిపోవాల" అని ఆమెకు పాఠం చెప్పాడు. ఆమె "అయితే మీ ఇంట్లోనే తినకపోయినావా" అంది. "ఆడ శనివారం కదమ్మా" అన్నాడు. నేనూ అదే ఆకులో చెయ్యి పెట్టి తిన్నాను. చెయ్యి కడుక్కుని తువ్వాలుతో మూతి రెండుసార్లు తుడుచుకుని, నా మూతి కూడా తుడిచి, "మీ అవ్వకు చెప్పొద్దురా" అన్నాడు. చెప్పనన్నాను.

అరగంట తరువాత గంపలకు ఆనుకుని కూర్చున్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను.

నేను ఎందుకు చెప్పలేదో విను. పదిహేనేళ్ళవాణ్ణి. శనివారం చేప తిన్నందుకే దేవుడు తాతను తీసుకుపోయాడనుకున్నాను. నీకు తెలిస్తే నువ్వూ అదే అనుకుంటావనుకున్నాను. తాత మానం కాపాడుతున్నాననుకున్నాను. అదే ఆకులో నేనూ తిన్నాను కాబట్టి నా వంతు ఎప్పుడా అని చాలా రోజులు ఎదురుచూశాను. అప్పటినుంచి నేను శనివారం నీసు ముట్టలేదు, పుసాన్‌లో ఆ గిన్నె దాకా. అక్కడ సాయంత్రం వరకు సముద్రం ఒడ్డున కూర్చున్నాను అని నవ్వులాటగా రాశాను కదా. నిజంగానే కూర్చున్నాను. తాత కోటు గుండీలన్నీ పెట్టుకుని, ఏమవుతుందో చూద్దామని కూర్చున్నాను. ఏమీ కాలేదు. అలలు వచ్చాయి, పోయాయి. పాక్ గారు వచ్చి టీ ఇచ్చాడు.

నువ్వు పొయ్యి మీద పెట్టలేదని తాత నోరు కట్టుకుని పోలేదు అవ్వా. కడుపునిండా తిని, నీ పులుసును పొగుడుతూ పోయాడు. శుక్రవారమా శనివారమా అన్నది ఇక నాకు అక్కరలేదు. ఇది మాత్రం నిజం, నేను పక్కనే కూర్చుని ఉన్నాను.

హరీష్


పుంగనూరు
19 మార్చి 2003

హరీషా,

నీ ఉత్తరం మూడుతూర్లు చదివినా. మొదటితూరి నిలబడి చదివి కూర్చుండిపోయినా. రెండోతూరి మీ నాయనకు చదివి వినిపించినా. ఆయప్ప ఏడ్చినాడు, నేను నవ్వినా. మళ్ళా నేను ఏడ్చినా, ఆయప్ప నవ్వినాడు. మీ అమ్మ వచ్చి ఇద్దరికీ పిచ్చి పట్టింది అని మజ్జిగ ఇచ్చింది. మూడోతూరి ఒంటిగా చదివినా.

మునెమ్మ పాకలో! నేను తొమ్మిదేండ్లుగా నోరు కట్టుకోని, ఉట్టి దిక్కు చూడకుండా, మీ తాతకు పెట్టలేదే అని కుమిలిపోతాంటే, ఆయప్ప ఆడ కాలుమీద కాలు వేసుకోని రెండుతూర్లు పోయించుకోని తిన్నాడా? శనివారం పూట? పసిబిడ్డతో అబద్ధాలు ఆడించి? నువ్వు ఆ బరువు ఎత్తుకోని తిరిగినావు, నేను ఈ బరువు ఎత్తుకోని తిరిగినా, తిన్నోడు మాత్రం మూతి తుడుచుకోని పాయ.

రాత్రిబడిలో రాయమంటే రాయలే కదా. ఇప్పుడు రాస్తాండా. నోటితో అనేది వేరే, చేత్తో అనేది వేరే అని నిన్నట్నుంచి నాకు తోస్తాండాది. వెంకటముని తిండిపోతు. వెంకటముని దొంగ. వెంకటముని నాకు చెప్పకుండా పోయినాడు. ఇంగా రాద్దామంటే కాగితం తడుస్తాండాది. మూడుతూర్లు చాలు.

ఒక మాట అడగతా, నిజం చెప్పు. మామిడి ఒరుగు గురించి ఆయప్ప నిజంగానే అన్నాడా, నన్ను ఓదార్చాలని నువ్వు కలిపినావా? వద్దులే, చెప్పొద్దు. అనే ఉంటాడు. ఇంట్లో తింటాంటే ఒకదినమూ బాగుండాది అనలే, పరాయి అంగట్లో కూర్చోని నా పులుసును పొగడతాడు. ఆయప్ప గుణమే అది.

ఆ కొరియా ముసలమ్మ కొసరు వేసింది అని రాసినావు. నన్ను కోపంగా చూసే మనిషి మాదిరి చూపించినావంట. వచ్చినాక నీ పని చెప్తా.

ఆ పొట్లం ఎత్తుకోని వచ్చే ఆదివారం రా. కండక్టరు చేతికి ఇయ్యొద్దు, నువ్వే తీసుకోని రా. మీ తాత కోటు కూడా తే, బీడీ జేబీలోనే ఉండనీ. శనివారమే బస్సు ఎక్కి వస్తానంటే రా గానీ, పొట్లం వాకిటి బయటే ఉంటాది. ఒరుగులు ఎండబెట్టి పెట్టినా, ఆదివారం నానబెడతా.

నాలుగింటికే లేసి పొయ్యి కాడికి రావొద్దు. పొద్దు బాగా మొలిచి, ఎండ వంటింటి గడప దాటినాకనే నేను పొయ్యి అంటిస్తా. పుంగనూరు లెక్కలో చూసినా, పుసాను లెక్కలో చూసినా ఆదివారమే అయ్యుండాల.

మీ అవ్వ
బయ్యమ్మ